ఓటరు కార్డు వచ్చింది, మరి ఏం చదవాలి?

పోయిన నెల పోస్టులో నా ఓటరు కార్డు వచ్చింది. ఫోటోలో నేను నాలా లేను. ఆ బాధ అందరిదీ కాబట్టి వదిలేద్దాం. పేరు మాత్రం కన్నడలోనూ ఇంగ్లిష్‌లోనూ తప్పు లేకుండా అచ్చయింది. అమ్మ దాన్ని ఫోటో తీసి రాయదుర్గంలో ఉన్న మా తాతకి వాట్సాప్‌లో పంపింది. సాయంత్రం తాత ఫోన్ చేసినాడు.

"ఓటు కార్డు వచ్చిందంట గదా, సంతోషం. మరి దేశం గురించి యా పుస్తకం చదివినావో చెప్పు."

నేను గమ్మునైపోయాను. రెండేళ్ళుగా ఆర్ట్స్ చదువుతున్నాను, అందులో రాజనీతి శాస్త్రం కూడా ఉంది. రాజ్యాంగం ఎప్పుడు అమల్లోకి వచ్చిందో, ప్రవేశికలో ఏ మాటలున్నాయో అడిగితే నిద్రలో కూడా చెప్తాను. కానీ అవి పరీక్ష కోసం చదివిన నోట్సు. ఒక పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి, ఈ దేశంలో రాజకీయం ఇలా నడిచిందా అని ఆశ్చర్యపోయిన సందర్భం ఒక్కటీ గుర్తు రాలేదు. మా తాత హైస్కూల్లో సోషల్ అయ్యవారుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకి అబద్ధం చెప్పలేం. "సెలవుల్లో వచ్చి చదువుతా తాతా" అన్నాను.

వెళ్ళాను. చదివాను. కొన్ని తాత బీరువాలోవి, కొన్ని ఇక్కడ అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల దగ్గర దొరికినవి, కొన్ని మన డిపార్ట్‌మెంట్ లైబ్రరీవి. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. మా ఇంట్లో అమ్మతో తెలుగు, నాన్నతో కన్నడ. బడిలో నేర్చుకున్నది కన్నడ లిపి, తెలుగు లిపి అమ్మ నేర్పింది. అందుకని నేను తెలుగు మెల్లగా చదువుతాను, గంటకి పది పేజీలు దాటవు. అంత మెల్లగా చదివేదాన్నే చదవగలిగానంటే మీరు ఇంకా సులభంగా చదువుతారు. ఆ ధైర్యంతోనే మన గోడ పత్రికకి ఈ వ్యాసం రాస్తున్నాను.

రాష్ట్రం కంటే ముందు పుస్తకం

మా ఇంట్లో నవంబరు 1 అంటే రెండు లెక్కలు. నాన్నకి అది కన్నడ రాజ్యోత్సవం. మా వీధి మొదట్లో పసుపు ఎరుపు జెండా ఎగరేస్తారు, మైకులో పాటలు మోగుతాయి. అమ్మేమో చిన్నప్పుడు బడిలో ఆ రోజే ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం చేసేవాళ్ళం అంటుంది. రెండూ ఒకే తేదీన రావడం ఏదో కలిసొచ్చిందని చాలా ఏళ్ళు అనుకున్నాను. అలా కాదట. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ 1956 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్, విస్తరించిన మైసూరు రాష్ట్రం రెండూ ఆ రోజే ఏర్పడ్డాయి. మైసూరుకి కర్ణాటక అనే పేరు 1973లో వచ్చింది.

దానికి ముందు కథ మనకి తెలిసిందే. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహార దీక్ష మొదలుపెట్టారు. 58 రోజులు చేసి డిసెంబరు 15న చనిపోయారు. నాలుగు రోజుల్లో నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆ రాష్ట్రం ఏర్పడింది.

నాకు కొత్తగా తెలిసింది ఏంటంటే, ఈ రాష్ట్రాలు మ్యాపులోకి రాకముందే పుస్తకాల్లోకి వచ్చాయి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. తెలుగులో చరిత్ర, సైన్సు పుస్తకాలు అచ్చు వేయడం దాని పని. చిలుకూరి వీరభద్రరావు రాసిన 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగం 1910లో వచ్చింది. మూడేళ్ళకి, 1913లో, బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఇటు కన్నడంలో ఆలూరు వెంకటరావు 'కర్ణాటక గత వైభవ' 1917లో వచ్చింది. నాన్న దాని పేరు చెప్పేటప్పుడు కొంచెం నిటారుగా కూర్చుంటారు.

అప్పట్లో తెలుగువాళ్ళు కొందరు మద్రాసు ప్రభుత్వం కింద, కొందరు నిజాం కింద ఉన్నారు. కన్నడిగులైతే మైసూరు, బొంబాయి, మద్రాసు, హైదరాబాదు, కొడగు అని ఇంకా ఎక్కువ ముక్కలు. ఒకరినొకరు చూడని మనుషులకి "మీదంతా ఒకే కథ" అని చెప్పింది ఈ పుస్తకాలే. అంటే చరిత్ర పుస్తకం జరిగినదాన్ని రాయడమే కాదు, జరగబోయేదాన్ని తయారు కూడా చేస్తుంది. మన సిలబస్‌లో "భాషా ప్రయుక్త రాష్ట్రాలు" అన్న పాఠం ఒక పేజీన్నర. ఆ పేజీన్నర వెనక నలభై ఏళ్ళ చదువు ఉంది.

అయితే ఇలాంటి పుస్తకాలతో ఒక జాగ్రత్త. అవి మనల్ని గర్వపడేలా చేయడానికి రాసినవి. వాటిలో రాజులుంటారు, కోటలుంటాయి, గెలిచిన యుద్ధాలుంటాయి. ఆ రాజుల కాలంలో మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, సంతలో ఏం కొన్నారు? ఈ ప్రశ్నకి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశారు. అది 1949లో వచ్చింది, 1955లో తెలుగుకి మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దానికే వచ్చింది. ఆయన శాసనాల కంటే కావ్యాల్లో, సామెతల్లో, చాటువుల్లో వెతికి జనం బతుకుని పట్టుకున్నారు. కావ్యాలు అలంకారాల కోసమే అనుకునే మనలాంటివాళ్ళు తప్పకుండా చూడాల్సిన పుస్తకం.

"నేను" అని రాసిన నాయకులు

తాత బీరువాలో మొదట చేతికి తగిలింది టంగుటూరి ప్రకాశం 'నా జీవిత యాత్ర'. నాయకుల ఆత్మకథలంటే నాకు కొంచెం భయం. అన్నీ జైళ్ళు, సభలు, తీర్మానాలే ఉంటాయని. ఇది అలా లేదు. ప్రకాశం 1872లో పుట్టారు. తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఆ పిల్లవాడు నాటకాలు ఆడుతూ, అల్లరి చేస్తూ, ఒక మాస్టారి దయవల్ల చదువుకుని, రాజమండ్రిలో వకీలై, లండన్ వెళ్ళి బారిస్టరై, మద్రాసులో బాగా సంపాదించి, ఆ సంపాదనంతా ఉద్యమానికి, 'స్వరాజ్య' పత్రికకి ఖర్చు పెట్టేశాడు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో పోలీసు తుపాకీ ముందు రొమ్ము చూపించిన కథ మనం చిన్న తరగతుల్లోనే చదివాం. దాని ముందూ వెనకా ఉన్న మనిషి ఈ పుస్తకంలో ఉన్నాడు. చివరి భాగం ఆయన సహచరుడు తెన్నేటి విశ్వనాథం రాశారు.

ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి ప్రకాశమే. 1954 నవంబరులో మద్యనిషేధం విషయంలో జరిగిన ఓటింగులో ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. ఒక్క ఓటు! నా కార్డు వంక ఇంకోసారి చూసుకున్నాను.

ఈ పుస్తకం వల్ల నాకు అర్థమైంది ఏమిటంటే, అప్పటి రాజకీయం పార్టీ ఆఫీసులో కాదు, కోర్టులో, నాటకం స్టేజీ మీద, మునిసిపల్ ఎన్నికల్లో, పత్రిక ప్రెస్సులో పుట్టింది. కానీ చదువుతున్నంత సేపూ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ పూటకూళ్ళ ఇల్లు నడిపిన తల్లి ఒక పుస్తకం రాసుంటే ఎలా ఉండేది? కొడుకు కథలో ఆమె మొదటి పేజీల్లో కనిపిస్తుంది. కథ పెద్దదైన కొద్దీ ఆమె చిన్నదైపోతుంది. ఆత్మకథలో "నేను" అనేవాడి వెనక ఎంతమంది నిలబడి ఉంటారో చూసుకుంటూ చదవాలి.

నాన్న అల్మారాలో డి.వి. గుండప్ప కన్నడంలో రాసిన 'జ్ఞాపక చిత్రశాలె' ఉంది. డివిజి 1887లో కోలారు జిల్లా ముళబాగిలులో పుట్టారు. అక్కడ తెలుగు, కన్నడ రెండూ వీధిలోనే వినిపిస్తాయి. మన బెంగళూరులో 1945లో గోఖలే సార్వజనిక విచార సంస్థని మొదలుపెట్టింది ఆయనే. ఆ పేరులోని 'సార్వజనిక' అన్న మాటే చూడండి, అది మనందరిదీ అయిన జీవితం. ఎనిమిది భాగాల ఆ పుస్తకంలో ఆయన తన గురించి కాక తాను చూసిన మనుషుల గురించి రాశారు. మైసూరు దివాన్లు, పండితులు, సంగీత కళాకారులు అందరూ ఉన్నారు. ప్రకాశం "నేను ఇలా చేశాను" అంటారు. డివిజి "వాళ్ళు ఇలా ఉండేవాళ్ళు" అంటారు. రెండూ పక్క పక్కన పెట్టి చదివితే రెండు భాషల వల్ల కలిగిన లాభం మొదటిసారి అనుభవంలోకి వచ్చింది. ఇంతవరకూ రెండు భాషలంటే రెండింటిలోనూ మార్కులు తక్కువ రావడమే అనుకునేదాన్ని.

ప్రభుత్వం భయపడిన నవల

నవల కల్పన కదా, అందులో రాజకీయ చరిత్ర ఏం దొరుకుతుంది అని ఒక స్నేహితురాలు అడిగింది. దొరుకుతుంది. ప్రభుత్వం ఒక నవలని నిషేధించిందంటే అందులో దానికి ఇబ్బంది కలిగించే నిజం ఏదో ఉందనే కదా.

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' అలాంటి నవల. ఆయన గుంటూరు బారిస్టరు. సహాయ నిరాకరణ రోజుల్లో జైలుకి వెళ్ళి అక్కడ ఈ నవల రాశారు. 1922లో అచ్చయింది, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గాని నిషేధం పూర్తిగా పోలేదు. కథలో రామదాసు ఒక మాల కుటుంబం పెద్ద. కొడుకు సంగదాసు కూలివాళ్ళ తరఫున నిలబడి భూస్వామి చేతిలో ప్రాణం పోగొట్టుకుంటాడు. పాఠ్యపుస్తకంలో "గ్రామాల్లో ఆర్థిక అసమానతలు" అని ఒక వాక్యం ఉంటుంది. కూలి ధాన్యంగా ఇవ్వాలా డబ్బుగా ఇవ్వాలా అన్న చిన్న మాట ఎంత పెద్ద గొడవ అవుతుందో, దానివల్ల ఎవరి ఇల్లు కూలిపోతుందో నవల చూపిస్తుంది. భాష కూడా అప్పటికి కొత్త. దళితుల ఇంటి మాటలు అచ్చులోకి వచ్చాయి.

ఉన్నవ వారు దళితులు కారు. కాబట్టి ఆ పక్కనే గుర్రం జాషువాని చదవాలి. 1941లో వచ్చిన 'గబ్బిలం' మనందరికీ కొంత తెలుసు. ఆయన 'నా కథ' అని పద్యాల్లో ఆత్మకథ కూడా రాశారు. బయటి నుంచి జాలితో చూడడానికీ, లోపలి నుంచి కోపంతో చూడడానికీ ఉన్న తేడా అక్కడ తెలుస్తుంది.

గాంధీ గారి ఉద్యమం ఒక పల్లెకి ఎలా వచ్చింది అని తెలియాలంటే మహీధర రామమోహనరావు 'కొల్లాయి గట్టితేనేమి?' చదవండి. కోనసీమ నేపథ్యం, 1920ల కాలం. దీనికి 1968లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఉద్యమం అంటే ఊరేగింపు అనుకుంటాం. ఇందులో అది ముందు ఇంట్లోకి వస్తుంది. ఎవరితో కలిసి భోంచేయాలి, చదువు మానాలా, పెద్దల మాట కాదనాలా అన్న ప్రశ్నలుగా వస్తుంది. నిజాం పాలనలోని తెలంగాణ పల్లె కోసం వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' ఉన్నాయి. దొర గడీ లోపల ఏం జరిగేదో చదివాక, ఆ తర్వాత అక్కడ సాయుధ పోరాటం ఎందుకొచ్చిందో వేరేగా చెప్పనక్కర్లేదు.

టేప్ రికార్డర్ ముందు కూర్చున్న ఆడవాళ్ళు

ఇక్కడిదాకా నేను చెప్పిన రచయితలందరూ మగవాళ్ళే అని మీరు గమనించే ఉంటారు. నేను గమనించలేదు. నా నోట్‌బుక్‌లో రాసుకున్న జాబితా చూసి మా అమ్మ చెప్పింది.

అప్పుడు మేడమ్ గారు లైబ్రరీ నుంచి తీసిచ్చిన పుస్తకం 'మనకు తెలియని మన చరిత్ర'. హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటన 1986లో వేసింది. 1946 నుంచి 1951 దాకా జరిగిన తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గరికి ఆ సంఘం వాళ్ళు వెళ్ళి, వాళ్ళు చెప్పింది టేపుల్లో రికార్డు చేసి, వాళ్ళ మాటల్లోనే అచ్చు వేశారు. చాకలి ఐలమ్మ ఉంది, తన పొలం, తన పంట దేశ్‌ముఖ్‌కి వదలనన్న మనిషి. మల్లు స్వరాజ్యం ఉంది, తుపాకీ పట్టి దళం నడిపి, తర్వాత ఎమ్మెల్యే అయింది. కమలమ్మ ఉంది. అడవిలో దళంతో ఉండగా పుట్టిన బిడ్డని వేరేవాళ్ళకి ఇచ్చేయాల్సి వచ్చింది.

కమలమ్మ భాగం నేను బస్సులో చదివాను. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఈ పుస్తకం గొప్పతనం కష్టాలు చెప్పడంలో మాత్రమే లేదు. పోరాటం ఆగిపోయాక ఏమైంది అని అది అడిగింది. మగవాళ్ళు నాయకులయ్యారు, చరిత్రలు రాశారు. ఆడవాళ్ళలో చాలామందిని ఇక ఇంటికెళ్ళి సంసారం చూసుకోమన్నారు. తుపాకీ పట్టిన చేతికి మళ్ళీ వంట గరిట వచ్చింది. నాయకులు రాసిన చరిత్రల్లో ఈ మాట అంత బాధగా దొరకదు, ఎందుకంటే వాళ్ళకి అది సమస్యగా కనిపించలేదు.

దీని తర్వాత కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' చదివాను. 2012లో వచ్చింది. ఆవిడ 1918లో పుట్టారు. చిన్నప్పుడే పెళ్ళి, చిన్నప్పుడే వితంతువు. తర్వాత కొండపల్లి సీతారామయ్యతో మళ్ళీ పెళ్ళి, కమ్యూనిస్టు పార్టీ పని, అజ్ఞాతవాసం. నక్సలైటు ఉద్యమం గురించి ఏ పుస్తకం తెరిచినా సీతారామయ్య పేరు ఉంటుంది. ఆయన వదిలి వెళ్ళిపోయాక ఆవిడ ఏమయ్యారు? ముప్పై దాటిన వయసులో హైదరాబాదు వెళ్ళి ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివారు. కాకినాడలో ఆడపిల్లల హాస్టల్‌కి మేట్రన్‌గా పనిచేశారు. కన్నబిడ్డలిద్దరినీ పోగొట్టుకున్నారు. అయినా ఆ పుస్తకంలో ఏడుపు లేదు, ఎవరి మీదా విషం లేదు. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

ఆ ఆంధ్ర మహిళా సభని పెట్టింది దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభల్లో టికెట్ లేదని నెహ్రూనే ఎగ్జిబిషన్ లోపలికి పోనివ్వని చిన్నపిల్ల ఆవిడే. పెద్దయ్యాక రాజ్యాంగ సభలో కూర్చున్నారు. దేశ విభజన తర్వాత ఆ సభలో ఉన్న 299 మందిలో ఆడవాళ్ళు 15 మందే. ఆవిడ ఆత్మకథ ఇంగ్లిష్‌లో ఉంది, పేరు 'చింతామణ్ అండ్ ఐ'. చింతామణ్ అంటే భర్త సి.డి. దేశ్‌ముఖ్. రాజ్యాంగం రాసినవాళ్ళలో ఒకరైన మనిషి కూడా తన పుస్తకం పేరులో "నేను" అనేదాన్ని రెండోదిగా పెట్టుకున్నారు. ప్రేమతో పెట్టుకున్నారేమో, తప్పు పట్టడం లేదు. కానీ గుర్తు పెట్టుకున్నాను.

పేరు చెప్పని ఓటర్లు

ఇంగ్లిష్‌లో చదివిన రెండు పుస్తకాల గురించి కూడా చెప్పాలి. ఒకటి మన బెంగళూరులోనే ఉండే రామచంద్ర గుహ రాసిన 'ఇండియా ఆఫ్టర్ గాంధీ'. స్వాతంత్ర్యం తర్వాత ఏమైందని అడిగితే మొదట చూడాల్సిన లావు పుస్తకం ఇది, 2007లో వచ్చింది. రెండోది ఆర్నిట్ షాని 2018లో రాసిన 'హౌ ఇండియా బికేమ్ డెమొక్రాటిక్'. ఇది మొత్తం ఓటర్ల జాబితా ఎలా తయారైందన్న దాని గురించే. వినడానికి ఎంత నీరసంగా ఉంది! కానీ బ్రిటిష్ కాలంలో ఆస్తి, చదువు లాంటి అర్హతలుంటే తప్ప ఓటు లేదు. ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన ప్రతి మనిషి పేరూ జాబితాలో ఉండాలని రాజ్యాంగం అమలు కాకముందే గుమాస్తాలు పని మొదలుపెట్టారు. అడ్రసు లేని శరణార్థుల్ని కూడా ఎలా రాయాలి అని ఉత్తరాలు నడిచాయి.

1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. 17 కోట్లకు పైగా ఓటర్లు. జాబితా రాసేటప్పుడు ఉత్తరాదిలో చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని మాత్రమే రాయించారు. అలాంటి పేర్లు ఒప్పుకోమని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గట్టిగా చెప్పారు. దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు కొట్టేశారు. ఓటు హక్కు వచ్చింది, పేరు లేక పోయింది. ఇది చదివాక నా కార్డు మీద నా పేరు కొత్తగా కనిపించింది.

ఇన్ని చదివాక నాకు ఒక పద్ధతి అలవాటైంది. ఏ పుస్తకం తెరిచినా నాలుగు అడుగుతున్నాను. రాసింది ఎవరు? ఎప్పుడు రాశారు, జరిగిన రోజుల్లోనా, ముప్పై ఏళ్ళ తర్వాతా? ఎవరు చదవాలని రాశారు? ఇందులో ఉండాల్సినవాళ్ళు ఎవరు లేరు? నాలుగో ప్రశ్నకి జవాబు ఆ పుస్తకంలో దొరకదు, ఇంకో పుస్తకంలో వెతకాలి. అందుకే ఒక్క పుస్తకంతో దేశం తెలియదు, జంటగా చదవాలి. ప్రకాశం పక్కన కోటేశ్వరమ్మ, మాలపల్లి పక్కన గబ్బిలం అన్నట్టు.

కొన్నిసార్లు ఆ ఇంకో పుస్తకం కూడా ఉండదు. మా అవ్వ విషయంలో అదే జరిగింది.

పుస్తకంలో లేని రాయదుర్గం

1953కి ముందు రాయదుర్గం బళ్ళారి జిల్లాలో ఉండేది, జిల్లా అంతా మద్రాసు రాష్ట్రంలో. ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకి వచ్చాయి. బళ్ళారి తాలూకా ఎటు పోవాలన్న దాని మీద జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రా విచారణ చేశారు. చివరికి అదీ, మిగిలిన తాలూకాలూ మైసూరుకి వెళ్ళాయి. నేను చదివిన పుస్తకాల్లో దీనికి దొరికిన చోటు కొన్ని వాక్యాలే.

తాతకి ఆ రోజు బడిలో బొరుగులు, బెల్లం పంచినట్టు గుర్తు. అవ్వకి అప్పుడు నాలుగేళ్ళు, గుర్తు లేదు. కానీ తర్వాతది గుర్తుంది. అవ్వ వాళ్ళ అక్కని బళ్ళారికి ఇచ్చారు. అక్క పిల్లలు కన్నడం చదివారు, అవ్వ పిల్లలు తెలుగు చదివారు. బళ్ళారి నుంచి ఉత్తరం వస్తే, లిపి దగ్గరదే కాబట్టి సగం చదివి సగం ఊహించేవాళ్ళట. "మీ అమ్మ ఊహించినవన్నీ తప్పే. పెండ్లి అని రాస్తే యావురో పోయినారని ఏడ్చింది" అని అవ్వ నవ్వింది. కోర్టు పని అంటే అంతకుముందు దగ్గర్లోని బళ్ళారి, తర్వాత దూరంగా ఉన్న అనంతపురం. గీత గీసినవాళ్ళకి అది తాలూకా. అవ్వకి అది అక్క.

అవ్వ చెప్పేవన్నీ ఫోన్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టాను. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు టేప్ రికార్డర్‌తో చేసిందే. అవ్వకి ఈమధ్య మరుపు మొదలైంది. నన్ను ఒకసారి మా అమ్మ పేరుతో, ఒకసారి వాళ్ళ అక్క పేరుతో పిలుస్తుంది. అందుకని వచ్చే ఎండాకాలం సెలవుల దాకా ఆగకుండా నెలకోసారి రాయదుర్గం వెళ్తున్నాను. ఇప్పటికి నాలుగు గంటల రికార్డింగు ఉంది.

పోయినసారి ఓట్ల గురించి అడిగాను. అవ్వ చదువుకోలేదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా తాత ఎవరికి వేయాలో చెప్పి, దగ్గరుండి తీసుకుపోయేవాడు. మా ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే ఇది, ఎవరూ తప్పుగా అనుకోలేదు. "ఇన్నేండ్లూ తాత చెప్పినోళ్ళకే ఏసినావా అవ్వా?" అని అడిగాను. అవ్వ తాత ఎక్కడున్నాడా అని ఒకసారి బయటికి చూసింది. తర్వాత మెల్లగా అంది.

"బూతు దాకా వస్తాడు. ఆ అట్ట ఎనక మీ తాత ఉండడు గదా."

ఈ మాట తాతకి ఇంకా చెప్పలేదు. ఆయన అడిగిన ప్రశ్నకి మాత్రం ఇదీ నా జవాబు. మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటివి ఉంటాయి. కోలారు, చిత్తూరు, హొసూరు, కడప, ఎక్కడి నుంచి వచ్చినవాళ్ళైనా సరే, ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఒక పేజీ రాసి తీసుకురండి. వచ్చే నెల గోడ పత్రికలో పక్క పక్కన అతికిద్దాం.